మా పాత వ్యాన్ గేర్‌బాక్స్‌ను నిలబెట్టిన జడ్చర్ల మెకానిక్ గారికి కృతజ్ఞతలు

వెనుక సీట్లు తీసి మంచం, చిన్న వంటగట్టు అమర్చుకున్న మా పాత ఆటోమేటిక్ వ్యాన్‌లో అమ్మానాన్నలను శ్రీశైలం తీసుకెళ్లి మహబూబ్‌నగర్‌కు తిరిగి వస్తుండగా, డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కేచోట ఇంజన్ రేజ్ అవుతున్నా బండి ముందుకు కదలలేదు. ఎలాగో ఇల్లు చేరాక ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే, ఇంజన్ ఆపి, గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూసి, గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సిందేనన్నారు. అంత ఖర్చు మాకు సాధ్యం కాదు.

తన పేరు రాయవద్దని కోరిన జడ్చర్ల మెకానిక్ గారు స్పానర్ పట్టుకునే ముందు నన్ను చాలాసేపు ప్రశ్నలే అడిగారు. బండి చల్లగా ఉన్నప్పుడూ గేర్ జారుతుందా, అంటే ఇంజన్ రేజ్ అయినా బండి లాగదా, వేడెక్కాకనేనా, రివర్స్ వెంటనే పడుతుందా, గేర్లు మామూలుకన్నా ముందే మారిపోతున్నాయా అని ఒక్కొక్కటే తెలుసుకున్నారు. ఆ చివరి ప్రశ్నకు నేను అవునన్నాను. అసలు సంగతి అందులోనే ఉందని తర్వాత అర్థమైంది.

పది కిలోమీటర్లు నడిపించి, చదునైన చోట ఆపి, "సార్, బండి బంద్ చెయ్యకండ్రి, చాలూ ఉండంగనే ఆయిల్ చూడాలె" అన్నారు. లివర్‌ను అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, మళ్లీ పార్కింగ్‌లో పెట్టించి చూస్తే ఆయిల్ కొద్దిగా తక్కువగా ఉంది. ఇంజన్ ఆపితే ఆయిల్ కిందికి దిగి మట్టం ఎక్కువగా కనిపిస్తుందట. ఆయిల్ నల్లబడింది గాని మాడు వాసన లేదు. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పితే, అందులో లోహపు పొడిని పట్టే అయస్కాంతాలకు సన్నని బూడిదరంగు ముద్ద మాత్రమే అంటుకుని ఉంది. లోహపు ముక్కలు గాని, గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్ల పొట్టు గాని లేవు. దాన్ని వేలితో నలిపి నాకు చూపించి, లోపల ఏమీ విరగలేదని ఆయన చెప్పిన క్షణం నేను మరచిపోలేను.

తర్వాత నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమని, ఆయన బానెట్ కింద చూశారు. పెడల్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే కేబుల్ పట్టీ దగ్గర నట్టు వదులై, కేబుల్ సగమే లాగుతోంది. మనం ఎంత గట్టిగా తొక్కినా కొంచెమే తొక్కినట్లు గేర్‌బాక్స్‌కు అందుతుంది కనుక గేర్లు ముందే మారిపోతున్నాయి, లోపల ఆయిల్ ప్రెషర్ పెరగక ఎక్కుడులో క్లచ్‌లు జారుతున్నాయి. అది ఊహగా వదలక, ఆయిల్ ప్రెషర్ కొలిచే గేజ్ బిగించి చూపించారు. కేబుల్ సరిచేయకముందు దాదాపు కదలని ముల్లు, సరిచేశాక పెడల్‌తో పాటే పైకి లేచింది.

ఆయిల్, ఫిల్టర్, గాస్కెట్ ఖర్చు, న్యాయమైన కూలి తప్ప ఆయన ఏమీ తీసుకోలేదు. ఎండలో బండి కింద పడుకుని పాన్ విప్పిన ఆయన శిష్యుడికి కూడా మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. పోయిన వారం అదే ఘాట్‌ను నిండు బరువుతో ఎక్కాం, ఎక్కడా జారలేదు. పాన్ విప్పితే పాత ఆయిల్ కొంతే దిగుతుందని, మిగిలింది ఎక్కువగా టార్క్ కన్వర్టర్‌లోనే (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉంటుంది కనుక 500 కిలోమీటర్లు తిరిగాక మరోసారి మార్చాలని ఆయన చెప్పారు. ఈ ఆదివారం అందుకోసమే జడ్చర్ల వెళ్తున్నాం. వారిద్దరి కోసం అమ్మ సకినాలు చేసి డబ్బాలో పెట్టింది.