నాన్నగారికి: వెల్స్ రచనల్లో మనం చూడని పుటలు

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కుశలం. ప్రసిద్ధమైన నాలుగు నవలలూ చదివాక ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ దగ్గర ఇంకేం మిగిలిందని అడిగారు. ‘ది టైమ్ మెషీన్’ 1895లో, ‘ది వార్ ఆఫ్ ద వరల్డ్స్’ 1898లో పుస్తకాలుగా వచ్చాయి. మిగతా రెండూ, ‘ది ఐలండ్ ఆఫ్ డాక్టర్ మోరో’, ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’, ఆ నడుమవే. 1946లో కన్నుమూసేదాకా ఆయన రాస్తూనే ఉన్నారు కాబట్టి, మిగిలిందే ఎక్కువ. నా మటుకు నాకు, ఆయన అసలు శక్తి చిన్న కథల్లోనే కనిపిస్తుంది.

‘ది స్టార్’ (1897) కొద్ది పేజీల కథ. నెప్ట్యూన్‌ను ఢీకొన్న ఒక గోళం మండుతూ భూమికి చేరువగా దూసుకుపోతుంది. వరదల్లో, భూకంపాల్లో దేశాలకు దేశాలే తుడిచిపెట్టుకుపోతాయి. ఇంతా అయ్యాక, అంగారకుడి మీది ఖగోళ శాస్త్రజ్ఞులు మన గ్రహాన్ని పరిశీలించి, నష్టం ఆశ్చర్యపడేంత స్వల్పమనీ, ధ్రువాల దగ్గరి తెల్లని మచ్చలు మాత్రం కుంచించుకుపోయాయనీ తేలుస్తారు. మన దుఃఖం ఎంత దూరం నుంచి చూస్తే మాయమవుతుందో ఆ ఒక్క పేరాలో చెప్పేశారు.

‘ది వరల్డ్ సెట్ ఫ్రీ’ (1914) నవలగా బలహీనమైనదే, పాత్రలు మాట్లాడవలసిన చోట ఉపన్యాసాలిస్తాయి. అయినా వదిలిపెట్టకండి. రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ రేడియం గురించి రాసిన పుస్తకం ఆధారంగా వెల్స్ అందులో అణుబాంబును ఊహించారు. విమానంలోంచి చేత్తో విసిరే ఆ బాంబు పేలడం మొదలయ్యాక ఇక ఆగదు. 1932లో ఆ నవల చదివిన భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్‌కు, మరుసటి ఏడాది లండన్‌లో ఉండగా అణు శృంఖల చర్య, అంటే ఒక అణుకేంద్రక చర్య మరికొన్నిటిని రగిలిస్తూ పోవడం, అన్న ఆలోచన తట్టింది.

అన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయింది ‘ది కంట్రీ ఆఫ్ ద బ్లైండ్’. ఆండీస్ పర్వతాల్లో దారితప్పి జారిపడిన నూన్యెజ్, తరతరాలుగా అందరూ అంధులే అయిన లోయకు చేరి, చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు తానే రాజునవుతానని నమ్ముతాడు. కానీ అక్కడి ఇళ్ళకు కిటికీలు లేవు; వెచ్చని పగలు నిద్రకు, చల్లని రాత్రి పనికి. చూపు అన్న ఊహే లేకుండా నిండుగా అమరిన ఆ జీవితంలో అతనే అసమర్థుడు. చివరికి అతని మతిభ్రమణకు కారణం ముఖం మీద కదిలే ఆ రెండు ఉబ్బులేనని నిర్ధారించిన వైద్యుడు, వాటిని తొలగిస్తే బాగుపడతాడని సద్భావంతోనే సలహా ఇస్తాడు. క్రూరులెవరూ లేని కథలో ఇంత భయం పుట్టించడం సామాన్యమైన పని కాదు.

1904లో అచ్చయిన ఈ కథకు వెల్స్ 1939లో మరో ముగింపు రాశారు. మొదటిదానిలో నూన్యెజ్ ఒంటరిగా కొండలెక్కిపోతాడు. ఎవరిది సరైన లోకమో రచయిత తేల్చరు. రెండోదానిలో కొండచరియ విరిగిపడబోతోందని అతని కళ్ళే పసిగడతాయి, ఆ హెచ్చరికను ఎవరూ నమ్మరు. చూపు పక్షాన అంత స్పష్టంగా తీర్పు చెప్పడం వల్ల కథ కొంత చిక్కదనం కోల్పోయిందని నా అభిప్రాయం. అయితే అతనితో పాటు ప్రాణాలతో బయటపడిన మెదీనా (అతను ప్రేమించిన ఆ లోయ యువతి), చూపు గురించి చివర్లో చెప్పే మాట మొదటి పాఠంలో లేదు, ఆ మాట కోసమైనా రెండోది చదవాలి. అదేమిటో ఇక్కడ రాయను. ముందు 1904 పాఠం చదివి, తర్వాతే 1939 పాఠం తెరవండి. ఏది మీకు నచ్చిందో, ఎందుకో తప్పకుండా రాయండి.

మీ కుమార్తె