లీజు మీద సంతకం పెట్టే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఆఫీసు లీజు డ్రాఫ్టు చదివాను. అద్దె సంగతి సరే, మాదాపూర్‌లో అంతకు తక్కువకు ఎవరిస్తారులే. నాకు నచ్చనిది సంతకం చోటు. ‘ఫర్’, అంటే తరఫున, అని మీ కంపెనీ పేరు, దాని కింద నీ పేరు. కంపెనీ రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు కదమ్మా!

గుంటూరు యార్డులో నేను బయటి ఊరి పార్టీకి మిర్చి కొన్నప్పుడు, ఆ పార్టీ పేరు చెప్పకుండా ‘మనవాళ్లే, ఉన్నారులే’ అన్నాననుకో, డబ్బు ఆగితే అమ్మినవాడు నా కొట్టు ముందే కూర్చుంటాడు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 230 కూడా అతని పక్షమే. మామూలుగా ఏజెంటుకు సొంత బాధ్యత ఉండదు. కానీ అసలు మనిషి పేరు చెప్పకపోయినా, చెప్పిన మనిషి మీద దావా వేసే వీలు లేకపోయినా, బాధ్యత ఏజెంటుదే అని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నువ్వే చూపించుకోవాలి.

నీది ఇంకా చిక్కు. 1866లో ఇంగ్లండ్‌లో గ్రేవ్‌జెండ్ అనే ఊళ్లో హోటల్ కంపెనీ పెట్టబోతూ ముగ్గురు 900 పౌండ్ల వైన్ కొన్నారు, ‘పెట్టబోయే కంపెనీ తరఫున’ అని రాసి మరీ. తర్వాత కంపెనీ పుట్టింది, ఆ కొనుగోలును ఒప్పుకుంది, వైన్ కూడా తాగేశారు. డబ్బు కట్టకుండానే కంపెనీ దివాలా తీసింది. కెల్నర్ వర్సెస్ బ్యాక్స్‌టర్ కేసు అది. ఒప్పందం నాటికి లేని కంపెనీ తర్వాత దాన్ని తనదిగా ఒప్పుకోవడం కుదరదని, ముగ్గురూ సొంతంగా కట్టాలని కోర్టు తేల్చింది. అక్కడైనా ముగ్గురు సంతకం పెట్టారు. నీ డ్రాఫ్టులో నీతోపాటు ఉన్న ఇద్దరు పార్ట్‌నర్ల పేర్లే లేవేం?

మన దగ్గర 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కొంత దారి ఇచ్చింది. పుట్టాక కంపెనీ ఒప్పందాన్ని స్వీకరించి, ఆ మాట ఓనరుకు తెలియజేస్తే అది కంపెనీకీ వర్తిస్తుంది. అంతమాత్రాన నీ పేరు దానంతటదే తప్పుకోదు. అందుకే, కంపెనీ వచ్చి లీజు స్వీకరించిన రోజు నుంచి నీకు వ్యక్తిగత బాధ్యత లేదని ఒక క్లాజు రాయించు. ఓనరు ఒప్పుకోకపోతే కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగమను. అప్పటిదాకా బిల్డింగ్ చేజారుతుందేమో అని టెన్షన్ పడకు, మరొకటి దొరుకుతుంది.

అడ్వాన్సు మాత్రం నీ సొంత ఖాతా నుంచి వేయకు. ఓనరు అడ్వాన్సు అడిగితే మీ ముగ్గురి పేర్ల మీదా రసీదు ఇవ్వమను.

నాన్న