వేటకు వెళ్లే ముందు బోటు వైరింగు గురించి

సభ్యులందరికీ నమస్కారం. మన తీరంలో జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది కనుక, రోజుల తరబడి సముద్రంలో ఉండే బోట్ల వైరింగును ఈలోగానే సరిచూసుకోవాలని మనవి. ఉప్పుగాలికి మామూలు రాగి తీగ తొడుగు లోపలే నల్లబడి కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి, ఖరీదు ఎక్కువైనా తగరం పూత ఉన్న రాగి వైరునే వాడండి. తీగలను మెలితిప్పి టేపు చుట్టి వదిలేయడం (మనవాళ్లకు బాగా అలవాటైన పద్ధతే) సముద్రంలో పనికిరాదు. 12 వోల్టుల లైనులో ఒక్క వోల్టు తగ్గినా నష్టం 8 శాతం దాటుతుంది, అందువల్ల వీహెచ్ఎఫ్ రేడియో సెట్టుకూ నావిగేషన్ లైట్లకూ బ్యాటరీ నుంచి ఉన్న దూరాన్ని రానూపోనూ లెక్కించి లావుపాటి వైరు వేయాలి. ప్రధాన ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని మిగతా వాడకానికి కలపకండి. అడుగున చేరే నీటిని తోడే పంపుకు మాత్రం మెయిన్ స్విచ్చుతో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజుతో బ్యాటరీ నుంచి నేరుగా లైను ఇవ్వండి.