అది ఫొటో కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో నారింజ రంగు చుక్కల బొమ్మ వేసి, కింద ‘గ్రాఫైట్ అణువుల ఫొటో’ అని రాశారు. అణువులు కాదు, పరమాణువులు. సరే, అది వదిలేద్దాం. నా పేచీ ‘ఫొటో’ అన్న మాటతోనే.

పొద్దున్నే పక్కింటి పదో తరగతి కుర్రాడు ఆ పేజీ పట్టుకొచ్చాడు. ‘‘తాతగారూ, పుస్తకంలో ఒక్కో కార్బన్ పక్కన మూడే ఉన్నాయి. ఇందులో ఒక్కో చుక్క చుట్టూ ఆరున్నాయి. ఏది తప్పు?’’ అన్నాడు. ముప్పై ఏళ్లు ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పాను, ఇంత మంచి ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

రెండూ ఒప్పే. ఆ బొమ్మ తీసింది స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్‌తో. 1981లో జ్యూరిక్ ఐబీఎం ల్యాబ్‌లో బినిగ్, రోరర్ తయారుచేసిన ఆ మైక్రోస్కోప్‌లో వెలుతురూ ఉండదు, లెన్సూ ఉండదు. సన్నటి లోహపు మొనను ఉపరితలానికి తాకీ తాకనంత దగ్గరగా తెస్తారు. కాస్త వోల్టేజీ ఇస్తే ఎలక్ట్రాన్లు ఆ సందు దాటతాయి. దూరం మిల్లీమీటరులో కోటో వంతు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. మొనను ఉపరితలమంతా జరుపుతూ ఆ కరెంటును బట్టి బొమ్మ గీస్తారు. అంటే ఆ బొమ్మ ఎలక్ట్రాన్ల లెక్క. గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. పై పొరలో సగం పరమాణువులకే సరిగ్గా కింద, కింది పొరలో మరో పరమాణువు ఉంటుంది. వాటి దగ్గర కరెంటు తక్కువ, అందుకే అవి మరుగున పడి మిగతా సగమే చుక్కలుగా తేలాయి. ఆ సగంలో ఒక్కోదాని చుట్టూ ఆరుంటాయి.

పొరలంటే ఏమిటో చూపిద్దామని, ఎప్పుడో గూడూరు నుంచి తెచ్చుకున్న కాకిబంగారం (అభ్రకం) ముక్క తీశాను. గుండుసూది మొనతో అంచు లేపితే పొర ఊడి వచ్చింది. దాన్ని మళ్లీ చీల్చాం. నాలుగోసారికి చేతిలో ఉందో లేదో తెలియనంత పల్చనై, ఎండలో రంగులు తిరిగింది. గ్రాఫైట్‌కైతే గమ్ టేపు అంటించి లాగితే సరి, కొత్త ఉపరితలం బయటపడుతుంది. కాకిబంగారంలో కరెంటు పారదు కాబట్టి దానిమీద ఈ మైక్రోస్కోప్ పనిచేయదు.

టాంటాలం డైసల్ఫైడ్ అనే పొరల స్ఫటికం ఇంకా తమాషాగా ఉంటుంది. బాగా చల్లబరిస్తే 13 టాంటాలం పరమాణువులు దగ్గరకు జరిగి నక్షత్రంలా గుంపు కడతాయి, ఎలక్ట్రాన్లు దాని మధ్యన పోగుపడతాయి. బొమ్మలో గుంపుకో గుట్ట కనిపిస్తుంది. గుట్టకో పరమాణువు అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఈసారి ‘ఎలక్ట్రాన్ల పటం’ అని వేయండి. నారింజ రంగు కంప్యూటర్ వేసిందని కూడా ఓ ముక్క రాయండి, మావాడు గ్రాఫైట్ నల్లగా ఉంటుంది కదా అని మళ్లీ వచ్చాడు.

– ఓ రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు