వే బ్రిడ్జి కంప్యూటర్‌కు లినక్స్: పేచీ అంతా కేబుల్ దగ్గరే

సంపాదకుడు గారికి,

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగిపోయాక, పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి, వైన్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే విండోస్ సాఫ్ట్‌వేర్ అంతా నడుస్తుందన్న సలహా మీ పాఠకుల పేజీలోనూ వచ్చింది. బిల్లులు కొట్టుకునే షాపుకు అది చాలావరకు సరిపోతుంది. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో లోడు బళ్లను తూచే వే బ్రిడ్జిలకు మాత్రం సరిపోదు. తోతాపురి కోతల్లో తూకం ఆగితే ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు తీరతాయి.

1993 నుంచి ఉన్న ఈ వైన్, ప్రోగ్రామ్ విండోస్‌ను అడిగే పనులను లినక్స్‌తో చేయిస్తుంది. అడిగేది ఫైలో, బొమ్మో అయితే బాధ లేదు. తూకం అలా కాదు, బరువు అంకె చూపించే ఇండికేటర్ పెట్టె నుంచి సీరియల్ కేబుల్ మీద వస్తుంది. చిక్కులన్నీ అక్కడే.

మొదటిది కేబుల్. సీహెచ్340 చిప్ ఉన్న చవక యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌ను ఉబుంటు 22.04 అనే లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు గుచ్చితే పోర్టు ఇలా వచ్చి అలా మాయమవుతుంది. కేబుల్ పాడైందని కొత్తది కొంటారు, అదీ అంతే. బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ ఆ చిప్‌ను అంధులు వాడే బ్రెయిలీ పరికరం అనుకుని పట్టేసుకుంటుంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిలీ అవసరం లేకపోతే దాన్ని తీసేస్తే చాలు. తర్వాత యూజర్‌ను సీరియల్ పోర్టు వాడే అనుమతి ఇచ్చే డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. లేకుంటే పోర్టు కనిపిస్తుంది కానీ తెరుచుకోదు.

రెండోది పోర్టు నంబరు. వైన్ ముందు కంప్యూటర్‌లోని సీరియల్ పోర్టులకు నంబర్లిచ్చి, యూఎస్‌బీ కేబుల్‌కు కామ్33 లాంటి పోర్టు పేరు అంటగడుతుంది. పాత తూకం సాఫ్ట్‌వేర్ లిస్టు తరచూ కామ్4 దగ్గరే అయిపోతుంది. వైన్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో లోకల్ మెషిన్ కింద సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్ అన్న చోట కామ్1 పేరుతో ఒక స్ట్రింగ్ పెట్టి, దానికి లినక్స్‌లో ఆ కేబుల్‌కున్న డివైజ్ పేరు ఇచ్చి, వైన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ తెరవాలి.

సాఫ్ట్‌వేర్ వీబీ6 (విజువల్ బేసిక్ 6) అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసి, తూకాలను యాక్సెస్ ఫైల్లో దాచేదైతే 32 బిట్ వైన్ కావాలి. వైన్‌కు అదనపు భాగాలు చేర్చే వైన్‌ట్రిక్స్‌తో వీబీ6 రన్‌టైమ్, యాక్సెస్ ఫైళ్లను చదివే జెట్ 4.0 వేయాలి. ఇక్కడే ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. లినక్స్ భాషను అమెరికా ఇంగ్లిష్‌లో వదిలేస్తే జులై 3 కాస్తా మార్చి 7 కావచ్చు. రైతు చేతికెళ్లే చీటీలో తేదీ తప్పితే జవాబు చెప్పుకోవాల్సింది మేనేజరే. పోనీ తెలుగు పెడదామంటే విండోస్‌లో తెలుగుకు పాత కోడ్‌పేజీయే (యూనికోడ్‌కు ముందటి అక్షరాల పట్టిక) లేదు, యూనికోడ్ రాని పాత ప్రోగ్రామ్‌లో అక్షరాలు చెదిరిపోవచ్చు. ఇండియా ఇంగ్లిష్ పెట్టుకోవడమే మేలు.

లైసెన్సు కోసం యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు తాళంగా గుచ్చే చిన్న ముక్క) అడిగే సాఫ్ట్‌వేర్ అయితే వైన్‌తో కుస్తీ వద్దు. చాలా డాంగిల్‌లకు విండోస్ డ్రైవర్ కావాలి, దాన్ని వైన్ సాధారణంగా ఎక్కించలేదు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, లినక్స్ లోపలే మరో కంప్యూటర్‌లా విండోస్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్‌లో మీ దగ్గర లైసెన్సు ఉన్న పాత విండోస్‌నే పెట్టండి. విండోస్ 7కు 2 జీబీ ర్యామ్ ఇస్తే తూకం పనికి చాలు. యూజర్ వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో లేకపోతే డాంగిల్ లోపలికి చేరదు. మద్దతు లేని పాత విండోస్ కాబట్టి దానికి వర్చువల్‌బాక్స్‌లో నెట్‌వర్క్ కార్డు మాత్రం తీసేయండి.

ఈ మార్పు ఏదైనా కోతలకు ముందే చేసుకోవాలి. తెరమీద పిచ్చి అక్షరాలు వస్తుంటే ఇండికేటర్ వేగం 2400కు పెట్టి ఉందో 9600కో, డేటా బిట్లు 7నో 8నో చూడండి. ఖాళీ లారీని, లోడు లారీని ఎక్కించి, ఇండికేటర్ అంకె, తెరమీది అంకె, చీటీమీది అంకె మూడూ ఒకటయ్యేదాకా పాత కంప్యూటర్‌ను బల్ల మీద నుంచి దించకండి.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతుల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
చిత్తూరు