దక్షిణం మీద బెంగ

బుజ్జమ్మా,

మొన్న వీడియో కాల్లో కిటికీ తెర పక్కకి లాగి ఫోను బయటికి తిప్పి చూపించావు కదా, మధ్యాహ్నం నాలుగు దాటీ దాటకముందే వీధిలైట్లు వెలిగిపోయి, మంచు మీద పసుపు వెలుగు తప్ప ఇంకేమీ కనబడలేదు. "నాన్నా, సూర్యుణ్ణి చూసి తొమ్మిది రోజులైంది" అన్నావు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఇంచుమించు ఇదే మాట నూట అరవై ఏళ్ళ కిందట నువ్వున్న ఊళ్ళోనే, నీలాగే చదువుకోడానికి వచ్చిన ఒక కుర్రాడు రాశాడని.

అతని పేరు కొన్‌స్టాంటిన్ మిలాదినోవ్. ఓహ్రిద్ సరస్సు ఒడ్డున, ఇప్పటి ఉత్తర మాసిడోనియాలో ఉన్న స్త్రుగా అనే ఊళ్ళో 1830లో పుట్టాడు. అప్పుడక్కడ తుర్కుల పాలన. తండ్రి కుమ్మరి. ఏథెన్సులో గ్రీకు చదివి, 1850ల రెండో సగంలో మాస్కో విశ్వవిద్యాలయానికి వచ్చి స్లావిక్ భాషలు చదివాడు. సొంతంగా రాసిన కవితలు పట్టుమని ఇరవై కూడా లేవు. అందులో ఒక్కటి, మాస్కోలో రాసిన "తగ జా యుగ్", అతని ఊరి వైపు జనం నోళ్ళలో ఇప్పటికీ ఉంది. యుగ్ అంటే దక్షిణం. తగ అంటే దుఃఖం, దిగులు అని రాస్తారు కానీ నాకు మాత్రం మన "బెంగ" తప్ప ఇంకే మాటా సరిపోదనిపిస్తుంది. దిగులు దేనికైనా కలగొచ్చు. బెంగ మాత్రం ఒక మనిషి మీదో ఒక ఊరి మీదో పెట్టుకునేది, పెట్టుకున్నాక అన్నం సయించదు.

బ్యాంకులో చేరిన కొత్తల్లో దీన్ని ఇంగ్లీషులో చదివాను. డేగ రెక్కలుంటే బాగుండు, ఎగిరి మా ఊరెళ్ళిపోదును, ఇక్కడ చలి, అక్కడ ఎండ, ఇంతే కదా అనుకుని పేజీ తిప్పేశాను. ఈ వారం నెట్‌లో మూలం దొరికితే, ఫస్టియర్లో నువ్వు పంపిన రష్యన్ అక్షరాల చార్టు ముందు పెట్టుకుని, అనువాదం పక్కన పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. మొత్తం ముప్పై నాలుగు లైన్లు. అప్పుడు అర్థమైంది, అప్పట్లో నేను అసలు కవితే చదవలేదని.

మొదటి ఆరు లైన్లే చూడు. రెక్కలు తొడుక్కుని మా వైపు ఎగిరిపోతే బాగుండు అంటాడు. వెళ్ళి ఏం చేస్తాడట? "అక్కడ కూడా సూర్యుడు ఇక్కడిలాగే చీకటిగా ఉదయిస్తున్నాడేమో చూస్తాను" అంటాడు. ఇది నన్ను ఆపేసింది. ఇంటి మీద బెంగపడ్డ మనిషి ఎవరైనా మా ఊళ్ళో ఎండ బంగారంలా ఉంటుంది అని మొదలుపెడతాడు. ఇతనికి ఆ నమ్మకం లేదు. అక్కడా చీకటే ఐతే నడుం బిగించి ఇంకా దూరం పారిపోతాను, సూర్యుడు వెలుగుతూ లేచే చోటికి, ఆకాశం చుక్కల్ని విత్తనాల్లా చల్లే చోటికి అని రెండో చరణం. అంటే తన ఊరిని కూడా ముందు అనుమానించాడు. బెంగ మీద ఎన్నో కవితలు చదివాను గానీ ఇంత నిజాయితీగా మొదలైంది ఇంకోటి చూడలేదు. తుర్కుల పాలనలో ఊరు ఎలా ఉందో తెలిసినవాడు కదా, అబద్ధం ఆడలేకపోయాడు.

మూడో చరణంలో మీ మాస్కో వస్తుంది. చీకటి తనని చుట్టుకుంటుంది, మబ్బు నేలని కప్పేస్తుంది, గడ్డకట్టే చలి, మంచు, ఈదురుగాలులు, తుఫాన్లు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయి చివరి లైన్లో గుండెలో చలి, నల్లటి ఆలోచనలు అని ఆగుతాడు. బయటి వాతావరణం ఐదు లైన్లలో ఛాతీ లోపలికి వచ్చేసింది. నువ్వు ఆ రోజు కిటికీ చూపించి, తర్వాత "చదవబుద్ధి కావట్లేదు" అన్నావు చూడు, అదే వరస.

ఇక్కడి నుంచి నీ సాయం కావాలి, నీకు రష్యన్ వచ్చు కాబట్టి. మొదటి చరణంలో రెక్కలు "తొడుక్కుంటే" అన్నాడు, కోరికలాగా. నాలుగో చరణంలో "దాయ్తె మి క్రిల్య", రెక్కలు ఇవ్వండి నాకు, అంటాడు. ఇది నీకు అనువాదం లేకుండానే తెలిసిపోతుంది. కోరిక కాస్తా డిమాండ్ అయింది. మధ్యలో ఉన్న మార్పల్లా ఆ చలి చరణమే. అనుమానం కూడా అక్కడే పోయింది, ఇక సూర్యుడు ఎలా ఉంటాడో చూసొస్తానన్న మాట లేదు.

ఊళ్ళ పేర్లు కూడా గమనించు. మొదట ఇస్తాంబుల్ చూడాలి, కుకుష్ చూడాలి అన్నవాడు (అన్న దిమితర్ బడిపంతులుగా పనిచేసిన ఊరు కుకుష్) నాలుగో చరణానికి వచ్చేసరికి ఓహ్రిద్ చూడాలి, స్త్రుగా చూడాలి అంటాడు. మహానగరం నుంచి పుట్టిన ఊరికి దగ్గరపడిపోయాడు. ఇంకో సంగతి నేను మూడోసారి చదివినప్పుడు గానీ పట్టుకోలేదు. కవితంతా రెండేసి లైన్లకి అంత్యప్రాస ఉంది, ఎక్కడా తప్పదు. ఈ ఊళ్ళ పేర్లున్న రెండు చోట్ల కూడా తప్పలేదు! కుకుష్ అన్న పేరుని, స్త్రుగా అన్న పేరుని ముందుకి జరిపి, "చూడాలి" అన్న మాటని లైను చివర పెట్టాడు. కావాలని చేశాడో లేదో గానీ, ఊరి పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా ప్రాసని వదల్లేదు. నాకది చాలా నచ్చింది.

దేశం పేరు మాత్రం కవితలో ఎక్కడా లేదు, "మన చోట్లు" అంతే. అన్నదమ్ములిద్దరూ ఊరూరా సేకరించిన ఆరు వందలకు పైగా జానపద గీతాల్ని, బిషప్ స్త్రోస్‌మాయర్ సాయంతో, 1861లో జాగ్రెబ్‌లో బల్గేరియన్ జానపద గీతాల పేరుతో అచ్చువేశాడు కొన్‌స్టాంటిన్. అందుకని ఇతను మావాడంటే మావాడని బల్గేరియా, మాసిడోనియా ఇప్పటికీ వాదించుకుంటాయి. ఆ నాలుగు ఊళ్ళు చూస్తే ఇవాళ మూడు దేశాల్లో ఉన్నాయి, కుకుష్ ఐతే కిల్కిస్ అనే పేరుతో గ్రీసులో ఉంది. నేను ఆ గొడవలోకి పోను. అతని భాష స్త్రుగా యాస. "వెలుగుతుంది" అనడానికి "స్వేతిత్" అంటాడు, మీ రష్యన్లోనూ అదే కదా. 1945లో మాసిడోనియన్‌కి ప్రామాణిక రూపం కట్టినప్పుడు చివరి ఆ "త్" పోయి "స్వేతి" అయింది. కానీ ఈ కవితని మాత్రం ఇప్పటికీ అతని ఇంట్లో మాట్లాడుకున్న యాసలోనే చదువుతారు.

ఐదో చరణంలో కొంచెం పట్టు సడలిందనిపించింది నాకు. ప్రకృతి తన వరాలన్నీ వెదజల్లింది, ఎటు చూసినా దేవుడిచ్చిన అందమే, ఇలాంటివి ఏ ఊరి గురించైనా రాయొచ్చు. కాపాడింది సరస్సు. తేటగా తెల్లగా మెరుస్తుంది, గాలి తగిలితే "సినోతెమ్నెయిత్", అంటే నీలంగా నల్లబడుతుంది, రెండు మాటలు అతికించిన ఒకే క్రియ. సరస్సు పక్కన పెరిగినవాడికి తప్ప తట్టని మాట. గాలి వచ్చిన క్షణంలో నీటి రంగు మారడం కళ్ళారా చూస్తూ ఉంటే గానీ అది పుట్టదు.

ఇక చివరి రెండు లైన్లు. అవి చదివాక ఈ ఉత్తరం నీకు పంపాలా వద్దా అని ఒక రాత్రంతా ఆలోచించాను. "అక్కడ మనసుతీరా కవాల్ ఊదుతూ ఉండాలి, సూర్యుడు అస్తమిస్తూ ఉండాలి, నేను చనిపోతూ ఉండాలి." కవాల్ అంటే గొర్రెల కాపరులు నిలువుగా పట్టుకుని ఊదే పొడుగాటి పిల్లనగ్రోవి. తండ్రి కూతురికి పంపే లైన్లేనా ఇవి అని భయమేసింది. మళ్ళీ మొదటి నుంచి చదివాక భయం పోయింది. మాస్కోలో ఉదయించే సూర్యుడు కూడా అతనికి చీకటే. తన ఊళ్ళో అడవి వెనక అస్తమించే సూర్యుడు కూడా వెలుగే, కావాలంటే ఐదో చరణం రెండో లైన్ చూడు, అస్తమించేవాడినే "వెలుగు సూర్యుడు" అన్నాడు. అతను చావుని కోరుకోవడం లేదమ్మా, మనసుతీరా ఊదేంత కాలం కావాలంటున్నాడు.

ఆ కాలం అతనికి దొరకలేదు. 1861లో అన్న దిమితర్‌ని తుర్కులు అరెస్టు చేశారు. విడిపించడానికి ఇస్తాంబుల్ వెళ్ళిన కొన్‌స్టాంటిన్‌నీ పట్టుకుని జైల్లో వేశారు. 1862 జనవరిలో ఇద్దరూ ఆ జైల్లోనే పోయారు, జ్వరం అంటారు, విషం పెట్టారనీ అంటారు. కవితలో మొట్టమొదట చూడాలనుకున్న ఊరు ఇస్తాంబులే. సరిగ్గా వందేళ్ళకి, 1962లో, స్త్రుగాలో వాళ్ళ జ్ఞాపకంగా కవుల పండగ మొదలైంది. ప్రతి ఏడూ ఈ కవిత చదివాకే మొదలవుతుంది. సరస్సులోంచి ద్రిమ్ నది బయటికి వచ్చే చోట ఒక వంతెన ఉంది, కవులు దాని మీద నిలబడి చదువుతుంటే జనం ఒడ్డున నిలబడి వింటారు. చిలీ కవి నెరూదాకి ఆ పండగ బహుమతి "బంగారు దండ" ఇచ్చారు, 1983లో మన హిందీ కవి అజ్ఞేయకి ఇచ్చారు.

కవిత మూలం ఫోటో తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ప్రతి లైన్లో ఐదు అక్షరాలు పలికాక చిన్న విరామం ఉంటుంది, మళ్ళీ ఐదు, నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. కానీ నా నోట్లో అది పలకట్లేదు. ఆదివారం తీరిక చేసుకుని ఒకసారి పైకి చదివి రికార్డ్ చేసి పంపు, ముఖ్యంగా ఆ సరస్సు లైన్లు. అమ్మకి కూడా వినిపిస్తాను.

మీ నాన్న