లారమీ లాంటి ఊళ్ల గురించీ రాయండి

సంపాదకులు గారికి,

పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు మన పత్రికల పర్యాటక పేజీలు ఎంతసేపూ నయాగరా, లాస్ వెగాస్‌లే చూపిస్తున్నాయి. పిల్లలు చదువుకునే చిన్న ఊళ్ల ఊసే ఉండదు. మా అమ్మాయి స్నాతకోత్సవానికి వయోమింగ్ విశ్వవిద్యాలయం ఉన్న లారమీ వెళ్లొచ్చాక, ఈ లోటు మీకు రాయాలనిపించింది.

నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. స్త్రీ అన్న కారణంతో ఓటు హక్కు నిరాకరించకూడదన్న రాజ్యాంగ సవరణ అమెరికాలో 1920లో వచ్చింది. వయోమింగ్ అయితే రాష్ట్రం కాకముందే, 1869 డిసెంబరులోనే స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చేసింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 6న లారమీలో లూయిసా స్వెయిన్ అనే పెద్దావిడ రొట్టెల పిండి పులియడానికి కలిపే ఈస్ట్ తెచ్చుకుందామని చిన్న డబ్బా పట్టుకుని పొద్దున్నే బయల్దేరి, దారిలో ఓటు వేసింది. డెబ్బై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న మనిషి! ఆ ఏడాది మార్చిలోనే ఇదే ఊళ్లో ఆడవాళ్లు జ్యూరీలోనూ కూర్చున్నారు. ఇవన్నీ జరిగిన వీధుల్లో నడుస్తుంటే ఒళ్లు పులకరించింది.

ఊరు పుట్టింది రైలుతో. యూనియన్ పసిఫిక్ పట్టాలు 1868లో ఇక్కడికొచ్చాయి. ఇప్పటికీ ఊరి పక్కనుంచే బారెడు గూడ్సు బళ్లు పోతుంటాయి. 1872లో కట్టిన రాతి జైలు ఇప్పుడు మ్యూజియం. బచ్ కాసిడీ అనే పేరుమోసిన దొంగను 1894 నుంచి 1896 దాకా ఉంచింది అందులోనే. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఖైదీలు చీపుర్లు కట్టిన కార్ఖానా. మన కొబ్బరి ఈనెలు కావు, జొన్నజాతి మొక్క కంకులతో కట్టేవారట.

రైలు రాకముందు ఆ మైదానాలు అరాపాహో, షయెన్ జాతుల వేటనేలలు. వలస వచ్చినవాళ్ల ధైర్యం గురించి రాసేటప్పుడు వీళ్లనూ తలచుకోవాలని నా మనవి.

డెన్వర్ విమానాశ్రయం నుంచి కారులో రెండున్నర గంటల దారి. ఊరు సుమారు 7,200 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన, ఈదురు ఎక్కువ. నాలాంటి పెద్దవాళ్లు మొదటిరోజు మెల్లగా నడవాలి, నీళ్లు బాగా తాగాలి, ఎండాకాలంలోనైనా స్వెట్టర్ దగ్గరుంచుకోవాలి. ఇలాంటి వివరాలతో లారమీ మీద, వీలైతే అలాంటి మరికొన్ని చదువుల ఊళ్ల మీద వ్యాసాలు వేయించగలరు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని